బరువు మోసేది గాలి: పికప్ బండికి ఆఫ్‌రోడ్ టైర్ల సంగతి

పెన్నా ఏట్లో నీళ్లు లేని రోజులే ఎక్కువ. కడప వైపు ఏటి అవతల తోటలున్నవాళ్లు ఎండాకాలంలో వంతెన దాకా చుట్టు తిరగకుండా ఇసుకలోనే అడ్డంగా దాటేస్తుంటారు. పోయిన వేసవిలో మా బావమరిది తన పికప్‌తో అదే పని చేయబోయాడు. అప్పటికి పది రోజుల ముందే కొత్త టైర్లు వేయించాడు. వేలెడు లోతు గాడులు, లావు లావు బటన్లు (నేలను పట్టే రబ్బరు దిమ్మలు), బురద కోసం చేసే మడ్ టెర్రైన్ రకం. ఊళ్లో అందరూ ఆగి చూసిన టైర్లు అవి. ఏట్లో యాభై గజాలు పోయాక బండి ఆగింది. యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఆ బటన్లే పారలై ఇసుకను తోడి, వెనక చక్రాలను యాక్సిల్ దాకా దించేశాయి.

గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన కాసేపు చూసి అడిగాడు. "గాలెంత పెట్టినావబ్బీ?"

"నలభై రెండు."

"సగం పైన తీసేయ్. చక్రం ముందర ఇసుక చేత్తో లాగేయ్. వచ్చిన జాడలోనే ఎనక్కిపో."

ఆయన ఒకప్పుడు జీపు డ్రైవరట. వాల్వు పిన్ను నొక్కి నాలుగు చక్రాలనూ 18 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించాం. ఫోర్ లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరు) వేసి మెల్లగా వెనక్కి తీస్తే బండి ఏమీ జరగనట్టు బయటికొచ్చింది. టైర్లు అవే, ఇసుకా అదే. మారింది గాలి ఒక్కటే.

ఆఫ్‌రోడ్ టైర్ల మీద మనవాళ్ల మాటలన్నీ బ్రాండు చుట్టూ, బటన్ల ఆకారం చుట్టూ తిరుగుతాయి. అవి పనికిరాని విషయాలని అనను. కానీ బండి బరువును మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి లాంటిది. ఈ ఒక్క మాట దగ్గర మొదలుపెడితే సైజు, ప్లై, లోడు, అరుగుదల అన్నీ ఒక్కొక్కటిగా అర్థమవుతాయి.

చిన్న లెక్క వేద్దాం. బండి బరువు రెండు టన్నులు, ఒక్కో చక్రం మీద ఐదు వందల కిలోలు అనుకుందాం. 35 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.46 కిలోల ఒత్తిడి. ఐదు వందలను దాంతో భాగిస్తే 203 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే నేలకు ఆనుతున్నది సుమారు 14 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ముక్క. గాలిని 18కి దించితే అది 395కి, దాదాపు రెట్టింపుకు పెరుగుతుంది. టైరు పక్కల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి నిజంలో లెక్క ఇంత కచ్చితంగా ఉండదు, కానీ వరస ఇదే. ఇంకో సంగతి కూడా ఉంది. గాలి తగ్గితే టైరు వెడల్పవుతుందని చాలామంది అనుకుంటారు. వెడల్పు కొద్దిగానే పెరుగుతుంది, నేలకు ఆనే ముక్క ఎక్కువగా పెరిగేది పొడవులో. చక్రం కాసేపు ట్యాంకు పట్టీలా సాగి పరుచుకుంటుంది. ఇసుకలో దిగకుండా తేలడానికి, రాయి మీద రబ్బరు అచ్చంగా అతుక్కోవడానికి కారణం ఆ పొడవే.

మూడు రకాలు, ఒక రాజీ

షాపులో వినిపించే పేర్లు మూడు. హెచ్‌టీ అంటే హైవే టెర్రైన్, ఏటీ అంటే ఆల్ టెర్రైన్, ఎంటీ అంటే మడ్ టెర్రైన్. ఏటీకీ ఎంటీకీ మధ్యలో ఆర్‌టీ అని రగ్గడ్ టెర్రైన్ ఒకటి కొత్తగా వచ్చింది. వీటి మధ్య అసలు తేడా బటన్లకు, ఖాళీకి ఉన్న నిష్పత్తిలో ఉంది. హెచ్‌టీలో రబ్బరు ఎక్కువ, సందులు తక్కువ. ఎంటీలో దాదాపు సగం దాకా సందులే ఉంటాయి. బురద ఆ సందుల్లోకి ఎక్కి, చక్రం తిరిగే ఊపుకు బయటికి ఎగిరిపోవాలి. అలా ఎగిరిపోతేనే తర్వాతి చుట్టులో బటన్ మళ్లీ కొత్త నేలను పట్టుకోగలదు. ఎగరకుండా సందులు పూడిపోతే ఎంత ఖరీదైన టైరైనా గుండు టైరే.

తారు రోడ్డు మీద ఇదే లెక్క తిరగబడుతుంది. సందులు ఎక్కువైతే రోడ్డుకు తగిలే రబ్బరు తక్కువ. వాన పడిన హైవే మీద ఎంటీ టైరున్న బండి బ్రేకు కొడితే హెచ్‌టీ కంటే దూరం పోయి ఆగుతుంది. పెద్ద బటన్లు ఒక్కొక్కటీ రోడ్డును కొడుతుంటే వచ్చే హోరు ఎనభై దాటాక క్యాబిన్ అంతా నిండుతుంది. టైరుకు నాలుగైదు కిలోలు బరువు పెరిగితే ఆ బరువును తిప్పడానికి డీజిల్ ఖర్చవుతుంది, ఆపడానికి బ్రేకులు అరుగుతాయి. ఏటీ ఈ రెండింటి మధ్య రాజీ. దాని బటన్ల మీద కత్తితో గీసినట్టు సన్నని చీలికలు కనిపిస్తాయి. తడి రోడ్డు మీద నీటి పొరను తెంచి పట్టు ఇచ్చేవి అవే. ఎంటీ బటన్ల మీద అవి చాలా తక్కువ, కొన్నింటి మీద అసలు ఉండవు.

మరి మన దగ్గర ఆఫ్‌రోడ్ అంటే ఏమిటి? అమెరికా వీడియోల్లో కనిపించే నడుము లోతు అడవి బురద మనకు అరుదు. రాయలసీమలో, పాత మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఉన్నది ఎర్రచెల్కా, గులకరాళ్లూ, గ్రానైట్ చెక్కులూ. చీమకుర్తి, కరీంనగర్ క్వారీ దారుల్లో రాయి అంచు కత్తిలా ఉంటుంది. పాడేరు, మారేడుమిల్లి వైపు ఘాట్లలో వదులు కంకర, ఎర్రమట్టి జారుడు. వీటన్నింటికంటే పెద్ద శత్రువు సర్కారు తుమ్మ. చెరువు కట్ట, కాలువ గట్టు, బీడు భూమి, ఎక్కడ చూసినా ఆ ముళ్లే. ఇంకొకటి కోత అయిపోయిన కంది చేను, పత్తి చేను. ఏటవాలుగా కోసిన కట్టె మోడు ఎండిందంటే మేకుతో సమానం. అది బటన్లలో కాదు, సైడ్‌వాల్‌లో, అంటే టైరు పక్క గోడలో దిగుతుంది.

ఈ లిస్టులో బురద ఎక్కడుందో చూడండి. ఒకటి డెల్టా వరి పొలాల దారుల్లో, రెండు నల్లరేగడిలో. అందుకే నా అభిప్రాయం: మన పికప్ బండ్లలో ఎక్కువ వాటికి కావాల్సింది బురద బటన్లు కాదు, కోతకు తట్టుకునే సైడ్‌వాల్ ఉన్న మంచి ఏటీ. ఎంటీ టైర్లు ఏజెన్సీలో వానాకాలం పనులున్న కాంట్రాక్టర్లకు, పోటీలకు పోయేవాళ్లకు సరే. బండి కిలోమీటర్లలో తొంభై శాతం తారు మీద, సిమెంటు రోడ్ల మీద తిరుగుతుంటే ఎంటీ వేయించడం పెళ్లికి గంబూట్లు వేసుకుపోవడం లాంటిది.

నల్లరేగడి గురించి విడిగా చెప్పాలి. కర్నూలు, గుంటూరు, ప్రకాశం, ఆదిలాబాద్ రైతులకు ఇది చెప్పనక్కర్లేదు, టౌన్ నుంచి బండితో వచ్చేవాళ్లకు చెప్పాలి. ఆ మట్టిలోని బంక కణాలు నీళ్లు తాగి ఉబ్బుతాయి. తడిసిన రేగడి టైరుకు పొరలు పొరలుగా అంటుకుంటుంది, ఫెండర్ (మడ్‌గార్డు) లోపల గట్టిపడి చక్రాన్నే ఆపేస్తుంది. ఎంటీ కూడా పది చుట్లు తిరిగేసరికి నల్లటి గుండులా అవుతుంది. గాలి తగ్గించినా ఇసుకలో వచ్చినంత లాభం రాదు, ఎందుకంటే అక్కడ సమస్య దిగిపోవడం కాదు, అంటుకోవడం. వాన వెలిసిన రోజు రేగడి చేలోకి బండి దించకుండా ఒకటి రెండు రోజులు ఆరనివ్వడమే రైతులు చేసే పని. దానికి మించిన టైరు నేనింకా చూడలేదు.

వరి పొలాల దారిది ఇంకో కథ. పైన చిత్తడి, అడుగున గట్టి నేల ఉంటుంది. అక్కడ వెడల్పు టైరు పైపైన తేలి జారుతుంది, సన్న టైరు చిత్తడిని కోసుకుని కిందికి దిగి గట్టి నేలను పట్టుకుంటుంది. ట్రాక్టరు ముందు చక్రాలు సన్నగా ఉండి కోసుకుపోవడం చూస్తూనే ఉంటాం కదా. ఇసుకకు వెడల్పు మేలు, అడుగు గట్టిగా ఉన్న బురదకు సన్నం మేలు. "ఎంత లావైతే అంత మంచిది" అనే మాట సగం నిజమే.

టైరు పక్కన రాసిన రాత

265/65 ఆర్17 112ఎస్ అని ఉందనుకోండి. 265 మిల్లీమీటర్లు టైరు వెడల్పు. 65 అంటే పక్క ఎత్తు వెడల్పులో 65 శాతం, అంటే 172 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, టైరు లోపలి పొరల అమరిక పేరు. 17 రిమ్ము అంగుళాలు. 112 లోడ్ ఇండెక్స్, ఒక్కో టైరు 1120 కిలోలు మోయగలదని. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా తట్టుకునే వేగం.

టొయోటా హైలక్స్ మన దేశంలో వేరియంట్‌ను బట్టి 265/65 ఆర్17, 265/60 ఆర్18 సైజుల్లో వచ్చింది. లెక్కేస్తే రెండు చక్రాల మొత్తం ఎత్తూ 776 మిల్లీమీటర్ల దగ్గరే, మిల్లీమీటరు తేడా. కానీ 18 అంగుళాల రిమ్ములో పక్క ఎత్తు 159 మాత్రమే. ఒక్కో వైపు 13 మిల్లీమీటర్ల రబ్బరు తక్కువ. రాయి తగిలినప్పుడు రిమ్ముకు దెబ్బ తగలకుండా కాచేది, గాలి తగ్గించినప్పుడు ఒంగి పరుచుకునేది ఆ పక్క రబ్బరే. పెద్ద అల్లాయ్ చూడముచ్చటగానే ఉంటుంది, కానీ రాళ్ల దారికి చిన్న రిమ్ము, ఎత్తు పక్క ఉన్న టైరే మేలు. ఈ విషయంలో తక్కువ ధర వేరియంట్ కొన్నవాళ్లే అదృష్టవంతులు.

కొన్ని టైర్ల మీద సైజు ముందు ఎల్‌టీ అని ఉంటుంది, లైట్ ట్రక్ అని అర్థం. వాటి మీద 120/117 అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది చక్రం ఒంటరిగా ఉంటే 1400 కిలోలు, రెండోది వెనక జంట చక్రాలుగా వేస్తే ఒక్కోటి 1285 కిలోలు. పక్కనే లోడ్ రేంజ్ సీ, డీ, ఈ అనో, 6, 8, 10 ప్లై అనో ఉంటుంది. ప్లై అంటే లోపల అన్ని పొరలు ఉన్నాయని కాదు. ఒకప్పుడు టైరు లోపల పత్తి దారపు పొరలు వేసేవాళ్లు. ఆ కాలంలో పది పత్తి పొరలకు ఎంత బలమో, ఇప్పటి రెండు మూడు పాలియెస్టర్ పొరలకు అంత బలం ఉందని చెప్పే పాత కొలత అది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. 10 ప్లై ఎల్‌టీ టైరు ఆ 1400 కిలోలు మోసేది 80 పీఎస్ఐ దగ్గర. కంపెనీ ఇచ్చిన మామూలు టైరుకు డోరు స్టిక్కరు మీద 33 అనో 35 అనో రాసి ఉంటుంది. దాన్ని తీసేసి ఎల్‌టీ వేసి, అదే 33 పెడితే కొత్త టైరు పాత దానికంటే తక్కువ బరువే మోస్తుంది. బలమైన టైరు వేశామన్న ధీమాతో మామిడి బుట్టలు ఎక్కించి, మే నెలలో హైవే ఎక్కితే లోపల వేడి పెరుగుతుంది. టైరు పేలడానికి సగం కథ అక్కడే మొదలవుతుంది. ఎల్‌టీకి మారితే ఆ సైజుకు టైరు కంపెనీ ఇచ్చే లోడు పట్టిక చూసి గాలి పెంచుకోవాలి. ఖాళీ బండికి అంత అవసరం ఉండదు, పైగా ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి ఖాళీకి ఒకటి, లోడుకు ఒకటి, రెండు అంకెలు గుర్తుపెట్టుకోవాలి. బొలెరో పికప్ లాంటి లోడు బండ్లకైతే ఎల్‌టీ తప్పనిసరి. ఇసుజు వీ-క్రాస్, హైలక్స్‌లను కారులా వాడేవాళ్లకు 10 ప్లై అంటే చాలావరకు వృథా బరువు.

పట్టిక దొరకనివాళ్లకు పాత చిట్కా ఒకటి ఉంది. బటన్ల మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, చదునైన రోడ్డు మీద తిన్నగా ఇరవై ముప్పై అడుగులు నడపండి. మధ్యలో మాత్రమే సుద్ద పోతే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే పోతే తక్కువ, అంతటా సమానంగా పోతే సరిగ్గా ఉంది. ఎంత లోడుతో తిరుగుతారో అంత లోడుతోనే ఈ పరీక్ష చేయాలి.

ఒక సైజు పెంచితే?

265/65 ఆర్17 తీసి 265/70 ఆర్17 వేస్తే చక్రం ఎత్తు 776 నుంచి 803 మిల్లీమీటర్లు అవుతుంది. 3.4 శాతం పెరుగుదల. బండి కింద దొరికే ఎత్తు అందులో సగం, 13 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు నూరు చూపిస్తుంటే మీరు 103 మీద పోతున్నట్టు. గేరింగు ఆ మేరకు బరువెక్కుతుంది, ఘాట్‌లో ఒక గేరు ముందే దించాల్సి వస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకోవచ్చు. మూడు శాతం దాటకపోతే మంచిదనేది అందరూ పాటించే లెక్క.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. ఫెండరు బయటికి నాలుగు అంగుళాలు పొడుచుకొచ్చిన టైర్లు చెకింగ్‌లో మొదట కంటపడతాయి, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ కంటా పడతాయి. అదే మోడల్‌లో కంపెనీ ఏదో ఒక వేరియంట్‌కు ఇచ్చిన సైజు దాటకుండా ఉంటే టెన్షన్ ఉండదు. ఒక అంగుళం ఎత్తు కోసం పడే తిప్పలు చూస్తే, మంచి ఏటీ టైరు, సరైన గాలి, బండి కింద రాళ్ల దెబ్బ కాచే గట్టి స్కిడ్ ప్లేటు ఎక్కువ పనిచేస్తాయి.

కొనేటప్పుడు

2020 జూన్ నుంచి టైర్ల దిగుమతి మీద ఆంక్షలు ఉన్నాయి, లైసెన్సు కావాలి. అందుకే ఆఫ్‌రోడ్ గ్రూపుల్లో వినిపించే విదేశీ మోడళ్లు కొన్ని ఇక్కడ దొరకవు, దొరికినా పాత స్టాకో, ధర చుక్కల్లోనో ఉంటుంది. ఇక్కడ అమ్మే టైరు మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు వీ-క్రాస్ తయారవుతుంది, దానికి కొద్ది దూరంలో చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. బండికీ టైరుకూ ఇంత దగ్గరి పుట్టిల్లు ఉన్నా మనకు మాత్రం అమెరికన్ పేర్లే నోరూరిస్తాయి. దేశంలో తయారయ్యే ఏటీ రకాలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. ఊరి దగ్గర వారంటీ, అదే టైరు ఇంకొకటి వెంటనే దొరకడం, ఈ రెండూ కూడా బ్రాండు విలువలో భాగమే.

టైరు పక్కన డీఓటీ అనే అక్షరాల వరస చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో ఇరవై మూడో వారంలో తయారైంది. నేను ఒకసారి చూడకుండా ఫిట్ చేయించుకుని ఇంటికొచ్చాక చూస్తే, కొత్తవని అమ్మిన నాలుగింటిలో రెండు రెండున్నరేళ్ల పాతవి. షాపతను "ప్యాకింగ్ విప్పలేదు సార్, కొత్తవే" అన్నాడు. రబ్బరుకు ప్యాకింగ్‌తో పనిలేదు, ఊరికే ఉన్నా వయసు పెరుగుతుంది. డబ్బులిచ్చే ముందు నాలుగింటి మీదా ఆ అంకెలు చదవండి. కొన్ని టైర్లకు ఒక వైపే పూర్తి కోడ్ ఉంటుంది, అది లోపలి వైపుకు పోయేలా బిగిస్తే తర్వాత బండి కింద దూరి చూడాలి.

నాలుగూ ఒకే మోడల్, ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఫోర్ బై ఫోర్ బండికి ఇది ఇంకా ముఖ్యం. వీ-క్రాస్, హైలక్స్ లాంటి వాటిలో ఫోర్ హై (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో తిరిగే గేరు) వేస్తే ముందు, వెనక యాక్సిళ్లు ఒకే వేగంతో లాక్ అవుతాయి, మధ్యలో తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. ముందు అరిగిన చిన్న చక్రాలు, వెనక కొత్త పెద్ద చక్రాలు ఉంటే గట్టి నేల మీద ఆ తేడా అంతా షాఫ్టుల్లో, ట్రాన్స్‌ఫర్ కేసులో మెలిపడి పేరుకుంటుంది. పొడి తారు మీద ఫోర్ హై వేయొద్దని చెప్పేదీ ఇందుకే.

గాలి ఎప్పుడు, ఎంత

గాలి చూడాల్సింది పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే దాదాపు ఒక పీఎస్ఐ మారుతుంది. వేసవి మధ్యాహ్నం హైవే మీద గంట నడిపాక 35 పెట్టిన టైరు 40 చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే సాయంత్రానికి టైరు ఆకలితో ఉంటుంది. వేడి టైరులో గాలి తీయకండి. బంకుల్లో గేజీలు రకరకాలుగా చూపిస్తాయి, కాబట్టి సొంత గేజి ఒకటి గ్లవ్ బాక్సులో పెట్టుకోవాలి. నైట్రోజన్ కోసం ప్రత్యేకంగా తిరగనక్కర్లేదు. మామూలు గాలిలోనే 78 శాతం అది.

దారి దిగాక లెక్క మారుతుంది. కంకర, దంతెలు పడిన మట్టి రోడ్డు మీద ఐదారు పాయింట్లు తగ్గిస్తే బండి వణుకు తగ్గుతుంది, రాళ్లు గుచ్చుకోవడమూ తగ్గుతుంది. గట్టిగా ఊదిన బెలూన్ ముల్లుకు టప్పున పగులుతుంది, మెత్తటిది ఒంగి తప్పించుకుంటుంది. రాళ్ల దారికి 22 నుంచి 25, ఇసుకకు 15 నుంచి 18. లోడుంటే ఈ అంకెలు కొంత పెంచుకోవాలి. 15 కంటే దించితే టైరు బీడింగు (రిమ్మును పట్టుకునే అంచు) రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. 18 దగ్గర ఉన్నప్పుడు గంటకు ముప్పై కిలోమీటర్లు దాటి పోకూడదు, స్టీరింగ్ విసురుగా తిప్పకూడదు. తారు ఎక్కగానే మళ్లీ గాలి నింపాలి. ఇది మర్చిపోయి అదే గాలితో హైవే ఎక్కితే సైడ్‌వాల్ ఒంగి లేస్తూ లోపల ఉడికిపోతుంది. ఆ డ్యామేజీ పైకి కనపడదు, వారం తర్వాత ఇంకెక్కడో బయటపడుతుంది.

గాలి తీయడం తేలికే. నింపడానికి 12 వోల్టుల కంప్రెసర్ కావాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న రకాలు పికప్ టైరు దగ్గర మొరాయిస్తాయి, ఫ్యూజు కొట్టేస్తాయి. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకం కొనండి. ఎంటీ టైర్లకు పెట్టే అదనపు డబ్బుతో కంప్రెసరూ, గేజీ, పంక్చర్ కిట్టూ వస్తాయని మా బావమరిదికి ఇప్పుడు చెబితే కోపం వస్తుంది.

అరుగుదల చెప్పే కబుర్లు

టైరు ఎలా అరిగిందో చూస్తే బండి జబ్బు తెలుస్తుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ పెట్టి తిప్పారు. నడుమ అరిగితే ఎక్కువ. ఒక్క అంచే అరిగితే ఎలైన్‌మెంట్ పోయింది. గుంతలు గుంతలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు చూపించాలి. ఏటీ, ఎంటీ టైర్లకు ప్రత్యేకమైన జబ్బు ఇంకొకటి ఉంది. ప్రతి బటన్ ఒక అంచు ఎత్తుగా, ఇంకో అంచు పల్లంగా రంపపు పళ్లలా అరుగుతుంది. చెయ్యి ఒక వైపు నిమిరితే నునుపు, ఎదురు నిమిరితే గీరుకుంటుంది. హోరు పెరిగిందంటే బేరింగు పోయిందని మెకానిక్ దగ్గరికి పరుగెత్తేముందు ఇది చూడండి.

దీనికి మందు టైర్లు మార్చి మార్చి వేయడం. ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకోసారి వెనక రెండూ తిన్నగా ముందుకు రావాలి, ముందువి అడ్డంగా మారి వెనక్కి పోవాలి. స్టెప్నీ కూడా అదే సైజు, అదే మోడల్ అయితే దాన్నీ ఈ చుట్టులో కలపండి: స్టెప్నీ కుడి వెనక్కి, ముందు ఎడమది స్టెప్నీగా, ముందు కుడిది వెనక ఎడమకు. అప్పుడు ఐదూ సమానంగా అరుగుతాయి, ఫోర్ బై ఫోర్ గొడవా ఉండదు. తిరిగే దిక్కు బాణం గుర్తు ఉన్న టైర్లను మాత్రం అడ్డంగా మార్చకూడదు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ యాభై, వంద కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి.

బురదలో తిరిగి వచ్చాక ఎనభై దగ్గర స్టీరింగ్ వణికితే, బ్యాలెన్సింగ్ షాపుకు పోయేముందు రిమ్ముల లోపలి వైపు పైపుతో కడగండి. అక్కడ అరకిలో మట్టి ఒక పక్క గడ్డకట్టి ఉంటుంది. సగం కేసులు నీళ్లతోనే తీరిపోతాయి. బటన్ల సందుల్లో ఇరుక్కున్న కంకర ముక్కలను స్క్రూడ్రైవరుతో తీసేయాలి, వదిలేస్తే అవి తిరిగి తిరిగి లోపలికి తొలుచుకుపోతాయి. సర్వీసింగ్‌లో నల్లగా మెరిసేలా పూసే నూనె పాలిష్ వద్దనండి.

ముల్లు దిగి గాలి నిలిచే ఉంటే చేలోనే పీకకండి. రోడ్డు దాకా వచ్చి తీయొచ్చు. నడుమ బటన్లలో పడ్డ రంధ్రానికి స్ట్రిప్ వేసుకోవచ్చు, ఊరికొచ్చాక లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగులా కాడ ఉన్న అతుకు) వేయించాలి. సైడ్‌వాల్‌కు పడ్డ రంధ్రానికి, కోతకు, ఉబ్బుకు రిపేరు లేదు. పంక్చర్ షాపులో ఎంత నమ్మకంగా చెప్పినా, అలా అతికించిన టైరుతో ఊళ్లోకి చేరడం వరకే. గ్రిప్పు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ఒప్పుకోదు. కానీ ఏటీ టైరు మట్టి మీద పట్టు దానికి చాలా ముందే, మూడు నాలుగు మిల్లీమీటర్ల దగ్గరే పోతుంది. ఆ దశలో అది హైవే టైరే అనుకుని నడపాలి. కొందరు రీబటన్ చేయించమంటారు, అంటే అరిగిన టైరు మీద కొత్త బటన్ల రబ్బరు వేయించడం. లారీల వెనక చక్రాలకు అది నడిచింది, రాళ్లలో నలిగిన పికప్ టైరుకు నేను చేయించను.

వయసు ఐదారేళ్లు దాటితే బటన్లు ఎంత లోతున్నా ఏటా ఒకసారి పగుళ్ల కోసం చూపించాలి. ఈ లెక్కలో అందరూ మర్చిపోయేది స్టెప్నీని. పికప్‌లో అది బాడీ కింద గొలుసుకు వేలాడుతూ, సైలెన్సరు వేడీ దారి మట్టీ అన్నీ భరిస్తుంటుంది. ఆ గొలుసు దించే రాట్నం మట్టి పట్టి బిగుసుకుపోతే, వానలో, రాత్రిపూట, టార్చి పళ్ల మధ్య పెట్టుకుని నేర్చుకోవాల్సి వస్తుంది. ఆర్నెల్లకోసారి ఇంటి ముందే దించి, గాలి చూసి, రాట్నానికి గ్రీజు పెట్టి ఎక్కించండి. జాకీ కింద వేయడానికి అడుగు చదరం చెక్క పలక ఒకటి సీటు వెనక ఉంచండి. పెన్నా ఇసుకలో పలక లేకుండా జాకీ ఎత్తబోతే బండి లేవలేదు, జాకీయే దిగిపోయింది.